ముడి వేయని కన్ను

నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్ళ దగ్గర ఒక మాట ఉంది. అతుకు పని. పువ్వులు ఒకరు అల్లుతారు, ఆకులు ఇంకొకరు, అంచులు వేరొకరు. ఎవరి అరుగు మీద వాళ్ళు కూర్చుని అల్లిన ముక్కలన్నీ ఒకచోటికి చేరాక, వాటిని ఒకే దారంతో కలిపి దుప్పటిగానో బల్లగుడ్డగానో చేస్తారు. అలా కలపడమే అతుకు పని. నా భార్య తబిత ఆ పని చేసేది. పువ్వు బాగుందని మెచ్చుకునేవాళ్ళు ఉంటారు గాని అతుకు బాగుందని ఎవరూ అనరు. అతుకు కనిపించిందంటే పని చెడినట్టే.

నేను ధవళేశ్వరంలో హైస్కూలు పిల్లలకు తెలుగు చెబుతాను. సాయంత్రాలు కాలువ వైపు వరండాలో నేను పేపర్లు దిద్దుకుంటుంటే ఆమె ఎదురుగా కూర్చుని అతికేది. ఒకరోజు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె సంధులు అర్థం కాలేదని ఇంటికి వచ్చింది. ‘ఎవరు’, ‘అది’ అనే మాటలు కలిస్తే ‘ఎవరది’ అవుతుందని, మొదటి మాట చివరి ఉకారం పోతుందని చెప్పాను.

“పోయిన ఉ ఎక్కడికి పోద్దండి?” అని అడిగింది.

తబిత తల ఎత్తకుండానే అంది. “అందుకేనమ్మా, మీ మాస్టారి పని కన్నా నా పని నయం. ఆయన కలిపితే ఒకటి పోద్ది. నేను కలిపితే ఏదీ పోదు.”

ఆ పిల్ల నవ్వింది. నేనూ నవ్వాను.

ఈ ఏడు వానలు మొదలైన రోజుల్లో తబిత పోయింది. పొద్దున్న కాఫీ కలుపుతూ వంటింట్లో కూర్చుండిపోయింది. రాజమండ్రి ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. దాని గురించి ఇంతకంటే రాయను.

అంతకు ముందు రోజు సాయంత్రం ఆమె సగంలో ఆపిన లేసు వరండాలో కుర్చీ చేతి మీదే ఉండిపోయింది. చివరి కన్నుకు, అంటే ఇంకా ముడి పడని దారపు ఉచ్చుకు, ఒక పిన్నీసు గుచ్చి ఉంది. దారం ఉండ కుర్చీ కింద ఉంది. పని ఆపి లేచినప్పుడల్లా తన గాజుకు వేలాడే పిన్నీసుల్లోంచి ఒకటి తీసి అలా గుచ్చేది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. చదువుతున్న పుస్తకంలో ఆపిన చోట నెమలీక పెట్టుకున్నట్టు, అదీ ఒక గుర్తు అనుకునేవాడిని. ఆ లేసును, ఉండను, ఉన్నవి ఉన్నట్టుగా ఒక దిండు గలేబులో పెట్టి బీరువాలో దాచాను.

డిసెంబరులో కీర్తిప్రియ ఫోను చేసింది. ఆమెది భీమవరం దగ్గర రాజుల కుటుంబం. వాళ్ళ నాన్నగారికి రొయ్యల చెరువులు ఉన్నాయి. ఈమె మాత్రం బరోడా వెళ్ళి మట్టితో బొమ్మలు, పాత్రలు చేయడం చదువుకుని వచ్చింది. లేసు గురించి తెలుసుకోవాలని తబిత దగ్గరికి తరచూ వచ్చేది.

“మాస్టారండి, ఈ మాట ఎలా అడగాలో తెలియట్లేదండి. తబితగారు ఆఖర్న చేస్తున్న లేసు పూర్తయ్యాక నాకు ఇస్తానన్నారు. రాజమండ్రిలో ఆర్ట్ మేళా పెట్టామండి. ఆదివారం మట్టిపని పూర్తిచేసి బట్టీ వెలిగిస్తాం. మీరు ఇస్తే ఆ లేసు అందులో పెడతాను. ఇవ్వకపోతే నేనేమీ అనుకోనండి.”

లేసుకూ బట్టీకీ ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు. ఇవ్వనని చెప్పాలని మాత్రం తెలుసు. ఫోనులో చెప్పడం మర్యాదగా ఉండదనిపించింది. ఆదివారం గుడిలో ఆరాధన ముగిశాక గలేబును సంచిలో పెట్టుకుని సిటీ బస్సు ఎక్కాను. ఇవ్వనని చెప్పడానికి పోయేవాడు దాన్ని వెంట తీసుకెళ్ళడం ఎందుకని బస్సులో నాకే అనిపించింది. ఇంట్లో దాన్ని ఒక్కదాన్నే వదిలి రావడం ఇష్టం లేకపోయింది.

మేళా గోదావరి గట్టున, ఎప్పుడో మూతబడిన పెంకుల ఫ్యాక్టరీలో జరుగుతోంది. పైకప్పులో కొన్ని పెంకులు లేవు. ఆ సందుల్లోంచి ఎండ పలకలు పలకలుగా దిగుతోంది. దూలాల నుంచి పొడవాటి బట్టలు వేలాడదీశారు. ఉప్పాడ నేతగాళ్ళు పడుగు మాత్రమే వేసి పేక వేయకుండా వదిలేసిన బట్ట ఒకటి ఉంది. దానికి ఈ పక్క నిలబడితే ఆ పక్కన నడిచే మనుషులు వానలో నడుస్తున్నట్టు కనిపించారు. మరో చోట చేపల వల నిండా చిన్న చిన్న దీపాలు కుట్టారు. అవి ఒక్కసారిగా వెలగవు. నిద్రపోయే మనిషి ఊపిరిలా మెల్లగా పెరిగి, మెల్లగా తగ్గుతున్నాయి. అక్కడ కొంతసేపు నిలబడ్డాను. నా ఊపిరి కూడా వాటితో కలిసింది.

ఇంకా లోపల మట్టి గిన్నెలు దారాలకు వేలాడుతున్నాయి. గోదావరి వంతెన మీద రైలు పోయినప్పుడు గోడలు కొద్దిగా అదిరి గిన్నెలన్నీ సన్నగా మోగాయి. రైలు వెళ్ళిపోయాక కూడా ఏదో ఒక గిన్నె మోగుతూనే ఉంది. జనం గొంతులు తగ్గించుకుని మాట్లాడుతున్నారు. తిరునాళ్ళలో తిరిగినట్టు లేదు. జ్వరం తగ్గే వేళ వచ్చే కలలో తిరిగినట్టు ఉంది.

ఆ గిన్నెల అవతల చాప మీద లేసు అల్లే ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళ మధ్యలో తబిత అక్క దేవకుమారి వదిన. జనం చూస్తుండగా పని చేసి చూపించడానికి కీర్తిప్రియ వాళ్ళను నరసాపురం వైపు నుంచి పిలిపించింది.

“చిక్కిపోయారు మరిదిగారూ,” అంది వదిన. “బళ్ళో సుద్దముక్కలే తింటున్నారా ఏంటి?”

“తింటున్నానండి. తెల్లవి బాగానే ఉంటాయి.”

“మమ్మల్ని చూశారా, బొమ్మల కొలువులో కూర్చోబెట్టారు. ఇందాక ఒకాయన నా చుట్టూ తిరిగి తిరిగి, ఇది ఏం మెటీరియలండీ అని ఆ అమ్మాయిని అడిగాడు. మనిషినేనండీ, కాస్త మంచినీళ్ళు ఇప్పించండి అన్నాను. పాపం, పరుగెత్తి తెచ్చాడు.”

చాప మీద వాళ్ళంతా నవ్వారు. వదిన కూడా నవ్వి, నా సంచి చూసి ఆగిపోయింది.

“చెల్లెలిదేనా?”

“ఆయ్.”

“ఇలా ఇవ్వండి. మిగిలిన పువ్వులు నా దగ్గరే ఉన్నాయి. పొద్దు వాలే లోపు ముగించేస్తాను.”

“వద్దు వదినగారూ.”

“వద్దంటే ఎలా? మాలో ఒకరు పోతే పని ఆగదు. పక్కావిడ అందుకుంటది. ఆవిడ ఎక్కడ ఆపింది, ఈవిడ ఎక్కడ ఎత్తుకుంది అన్నది ఎవరికీ తెలియకూడదు. మా అమ్మ పోతే ఆవిడ పని నేను అందుకోలేదా? అది మా పద్ధతండీ.”

“అందుకేనండి ఇవ్వలేనిది,” అన్నాను. “ఎక్కడ ఆపిందో నాకు తెలియాలి.”

వదిన చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. “మీ ఇష్టం,” అని కొన వంగిన లేసు సూది అందుకుంది.

నాకు కావలసింది అంతే. తబిత చెయ్యి ఆగిన చోటు. ఆమె ఫోటోలు ఉన్నాయి, చీరలు ఉన్నాయి. అవన్నీ పూర్తయిపోయిన వస్తువులు. ఆ లేసు ఒక్కటే ఇంకా ఆమె వచ్చి అందుకోవలసిన పనిలా ఉంది. దాన్ని ఎవరు ముగించినా ఆమె ఇక రాదని ఒప్పుకున్నట్టే అవుతుంది.

కీర్తిప్రియ నన్ను చూసి మట్టి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఒక బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, దాని మీది తెల్లని ముక్క ఒకటి నా అరచేతిలో పెట్టింది. లేసు పువ్వే. కానీ వంగలేదు. ఆత్రేయపురం పూతరేకు అంత పల్చగా ఉంది. వేలు తగిలితే చిట్లుతుందేమోనని భయం వేసింది.

“తెల్లమట్టిని మజ్జిగలా పల్చగా కలుపుతామండి. లేసుని అందులో ముంచి ఆరబెట్టి బట్టీలో పెడతాం.”

“ఇందులో దారం ఎక్కడుంది?”

“ఉండదండి. కాలిపోద్ది. దారం ఉన్న చోటు మాత్రం మిగులుద్ది.”

ఆ ముక్కను బల్ల మీద జాగ్రత్తగా పెట్టాను. “నేను ఇవ్వలేనమ్మా,” అన్నాను. “ఆ మాట చెబుదామనే వచ్చాను.”

“అలాగేనండి.”

“కాలిపోతుందని తబితకు తెలుసా?”

“తెలుసండి. ఇలాంటి ముక్కే చేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. దారం పోయినా అతుకు ఉందే, మా ఆయనకి చూపించాలి అన్నారు.”

నాకు చూపించలేదు. మర్చిపోయి ఉంటుంది, లేదా రేపు చూపిద్దాం అనుకుని ఉంటుంది. ఆమెకు రేపులు చాలా ఉన్నాయనే మేమిద్దరం అనుకున్నాం.

కీర్తిప్రియ నా సంచి వైపు చూసి, “ఇవ్వొద్దులెండి మాస్టారు. ఒక్కసారి దీపం ముందు పెట్టి చూసి తీసుకెళ్ళండి. లేసుని వెలుతురుకి పెట్టి చూస్తేనేగాని పూర్తిగా చూసినట్టు కాదండి,” అంది.

దానికి ఒప్పుకున్నాను.

పూర్వం పెంకులు ఆరబెట్టిన పొడవాటి కొట్టులోకి ఆమె నన్ను తీసుకెళ్ళింది. కిటికీలకు నల్లగుడ్డ కట్టారు. మధ్యలో ఒకటే దీపం. ఎదురుగా సున్నం కొట్టిన గోడ. కీర్తిప్రియ లేసు పై అంచును ఒక తీగకు బట్టల క్లిప్పులతో పట్టించింది. దారం ఉండ నా భుజాన సంచిలో, గలేబు అడుగునే ఉంది. లేసు వేలాడగానే గోడంతా నీడతో నిండింది. పువ్వులు పళ్ళేలంత అయ్యాయి. కింది అంచున పిన్నీసు నీడ ఒక్కటి నల్లగా, మంచి వ్యాసం మీద కొట్టివేతలా పడింది. పేపర్లు దిద్దేవాడి కంటికి అది నచ్చలేదు. వెళ్ళి పిన్నీసు తీసి జేబులో వేసుకున్నాను.

అప్పుడు గోడ శుభ్రంగా ఉంది. పువ్వుల మధ్య సన్నని గీతలు కనిపించాయి. ఒక పువ్వు నుంచి పక్క పువ్వుకు, అక్కడి నుంచి ఆకుకు, మళ్ళీ పువ్వుకు. ఎక్కడా తెగకుండా ఒకే దారి. అవి అతుకులు. ఇన్నేళ్ళు ఎదురుగా కూర్చుని కూడా నేను వాటిని చూడలేదు. కనిపించకుండా ఉండడమే వాటి పని కదా. ఆమె సాయంత్రాలన్నీ ఆ గీతల్లో ఉన్నాయి. వరండా ఉంది, కాలువ నీళ్ళ చప్పుడు ఉంది, నేను గట్టిగా చదివి వినిపించిన పిల్లల తప్పులకు ఆమె నవ్విన నవ్వులు ఉన్నాయి.

మొత్తం ఒకేసారి చూడాలని ఒక అడుగు వెనక్కి వేశాను.

కింది వైపు గీత ఒకటి కదిలింది. సున్నాలా చుట్టుకుని మాయమైంది. దాని పక్కదీ అలాగే. నది మీది గాలికి లేసు ఊగుతోందేమో, లేదా దీపంలోనే ఏదో పనితనం ఉందేమో అనుకున్నాను. ఇంకో అడుగు వెనక్కి వేశాను. గీతలు ఒకదాని వెనక ఒకటి, తెల్లారేటప్పుడు చుక్కలు పోయినట్టు పోతున్నాయి. ఒక పువ్వు తన చోటు విడిచి, కాలువలో తామరాకు తిరిగినట్టు మెల్లగా తిరిగింది. ఎంత బాగుందో అనుకున్నాను. ఇంకా బాగా చూడాలని మరో అడుగు వేశాను.

“మరిదిగారూ, కదలకండి.”

గుమ్మంలో దేవకుమారి వదిన. ఆమె గొంతు గట్టిగా లేదు. పడుకున్న పసిబిడ్డ పక్కన మాట్లాడినట్టు ఉంది. నేను ఆగిపోయాను. ఆమె వచ్చి లేసు కింది అంచును రెండు వేళ్ళతో ఒడిసి పట్టుకుంది. అప్పుడు చూసుకున్నాను. లేసు నుంచి, నా సంచిలో గలేబు మడతల్లో ఇరుక్కున్న ఉండ దాకా, దారం బిగుతుగా సాగి ఉంది. పువ్వులు రెండు విడిపోయి నేల మీద పడి ఉన్నాయి.

“ఇలా రండి. దారం వదులు చెయ్యండి. వేలు ఇక్కడ పెట్టండి.”

ఆ చివరి కన్నులోకి నా చూపుడువేలు దూర్చింది.

“పిన్నీసు ఎందుకు తీశారండీ? తాళం అదే కదా. ముడి వెయ్యనంతసేపూ కన్ను తెరిచే ఉంటది. లాగారంటే దారం వచ్చిన దారినే వెనక్కి పోద్ది. పువ్వులకేం కాదు, వాటికి ఎవరి ముడి వాళ్ళు వేసుకున్నారు. ఊడేది అతుకే.”

ఊడినంత మేరా దారం వంకులు తిరిగి నా కాళ్ళ దగ్గర పడి ఉంది. అది ఆమె చివరి సాయంత్రం. వెనక్కి అడుగులు వేస్తూ, మెచ్చుకుంటూ, దాన్ని నేనే విప్పాను.

బయట మళ్ళీ రైలు పోయింది. గిన్నెలు మోగాయి.

వదిన నడుమున దోపుకున్న లేసు సూది తీసింది. “ఊడినంత వరకు నేను మళ్ళీ అతికేస్తాను. చెల్లెలి చెయ్యి నాకు తెలుసు, తేడా రాదు. లేకపోతే ఇక్కడికే ముడి వేసేస్తాను. ఒక్క లాగుడు. ఇంక ఏ జన్మకీ ఊడదు.”

“ముడి వద్దండి.”

“మరి పిన్నీసే పెట్టుకుంటారా? ఎన్నాళ్ళు? అది తుప్పు పట్టి తెల్లదారం పాడైపోద్ది. ఎవరో తెలియక తీస్తారు.” నా జేబు వైపు చూసింది. “తెలిసినవాళ్ళే తీశారు కదా.”

అందులో దెప్పిపొడుపు లేదు. ఉన్నా నాకు తగినదే.

“పోనీ అలా వేలు పెట్టుకునే బడికి పోతారా? ఒంటి చేత్తో పాఠం చెబుతారా?” అంది. మెల్లగా నవ్వడానికి ప్రయత్నించింది గాని ఆమె కళ్ళు నిండి ఉన్నాయి. నేను గోడ వైపు చూశాను. లేసు నీడ చివర నా చేతి నీడ ఉంది. ఆ పెద్ద నీడలో నా వేలూ ఆమె దారమూ ఎక్కడ విడివిడిగా ఉన్నాయో తెలియడం లేదు.

“కీర్తిప్రియా,” అన్నాను. “ముడి వెయ్యకుండా మట్టిలో ముంచితే విడిపోతుందా?”

ఆ అమ్మాయి తన చేతుల వైపు చూసుకుంది. తను ఆశపడినట్టు కనిపించకూడదనుకున్నట్టుంది.

“తడిగా ఉన్నంతసేపు ఎవరో ఒకరు పట్టుకోవాలండి. ఆరాక విడిపోదు. కాలాక లాగడానికి దారమే ఉండదు కదండి.”

“కన్ను తెరిచే ఉంటుందా?”

“ఎలా ఉంటే అలాగే ఉండిపోద్దండి.”

వదిన వైపు చూశాను. ఆమె తల అడ్డంగా ఊపింది. కాదని కాదు, నాతో వాదించలేక. “మా పద్ధతి కాదిది,” అంది. తర్వాత సూది కొక్కెంతో ఉండ వైపు దారాన్ని దగ్గరికి లాగి, “కొద్దిగా తోక వదిలి కత్తిరిస్తాను. వేలు మాత్రం తీయకండి,” అంది.

ముగ్గురం కలిసి దాన్ని తొట్టి దగ్గరికి మోసుకెళ్ళాం. పసిబిడ్డను జ్ఞానస్నానానికి తీసుకెళ్ళినట్టు ఉంది. తెల్లమట్టి చల్లగా ఉంది. లేసుతో పాటు నా చెయ్యి కూడా మణికట్టు దాకా ముంచాను. పైకి తీశాక నా వేలు, దారం, కన్ను అన్నీ ఒకే తెలుపు. కీర్తిప్రియ లేసును పీట మీద పరిచి, ఒక్కొక్క రేకూ సరిచేసింది. నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను. మట్టి ఆరడం మొదలయ్యేసరికి కన్ను కొద్దికొద్దిగా నా వేలికి బిగిసింది. అలా కూర్చుని ఉండగా, ఎవరో నా వేలు పట్టుకుని నిద్రపోతున్నట్టు అనిపించింది. మేళాకు వచ్చినవాళ్ళు ఇదీ ఒక ప్రదర్శన అనుకుని మమ్మల్ని చూసి వెళ్ళారు.

“ఇంక వేలు తియ్యాలండి మాస్టారు. బాగా ఆరాక తీస్తే చిట్లిపోద్ది. కన్ను మూసుకోకుండా ఏదైనా సన్నంగా పెడదాం.”

రెండో చెయ్యి జేబులో పెట్టాను. పిన్నీసు తగిలింది, దాని పక్కన సుద్దముక్క తగిలింది. సుద్దముక్క తీసి ఇచ్చాను.

“ఆదివారం కూడా జేబులో సుద్దేనా,” అంది వదిన. “నేను సరదాకి అన్నాను గాని నిజంగానే తింటున్నారు.”

“ఇది బట్టీలో ఉండొచ్చా?” అని కీర్తిప్రియను అడిగాను.

“ఉండొచ్చండి. కాలి గుల్లబారిపోద్ది. తర్వాత ఊదేయొచ్చు.”

నా వేలు వెనక్కి వస్తుంటే సుద్దముక్క దాని చోటికి వెళ్ళింది. కన్ను మూసుకోలేదు.

నేల మీద పడిన పువ్వులను వదిన ఏరి దులిపింది. “ఈ రెండూ నేను అల్లినవే,” అని చీర కొంగున ముడి వేసుకుంది. “నా దగ్గరికే వచ్చేశాయి చూడండి.”

బట్టీ చల్లారాక కీర్తిప్రియ కబురు చేసింది. వదిన నరసాపురం నుంచి వచ్చింది. ఇద్దరం వెళ్ళాం. మేళా అయిపోయింది. బట్టలు దింపేశారు. వేలాడే గిన్నెల దారాలు మాత్రం దూలాలకు అలాగే ఉన్నాయి. ఎండ ఆ రోజు అడ్డం లేకుండా నేల దాకా దిగుతోంది.

కీర్తిప్రియ రెండు చేతులతో దాన్ని బయటికి తీసి ఎండలో బల్ల మీద పెట్టింది. ఒక రేకు కొన విరిగింది. మిగిలినదంతా ఉంది. దారం లేదు. పువ్వు నుంచి పువ్వుకు, ఆకుకు, మళ్ళీ పువ్వుకు వెళ్ళిన దారి మాత్రం ఎక్కడా తెగలేదు. వదిన కళ్ళజోడు పెట్టుకుని వంగి అంగుళం అంగుళం చూసింది.

“అతుకు కనబడుతోంది,” అంది.

నేనూ వంగి చూశాను.

“కనబడనీలెండి,” అంది మళ్ళీ తనే. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

చివరన, ఊడడం ఆగిన చోట, కన్ను ఉంది. దాన్నిండా సుద్దపొడి. కీర్తిప్రియ పక్కకు తప్పుకుని, “మీరే ఊదండి మాస్టారు,” అంది. సన్నగా ఊదాను. పొడి లేచి ఎండలో కాసేపు నిలిచి, ఎక్కడికో పోయింది. కన్ను తెరిచే ఉంది. దాని కింద వేలు పెట్టాను. గోరు మీద గుండ్రంగా, చిన్న వెలుతురు పడింది.